పదకొండు ఊపిర్లు

చుట్టు 20,448

సీటు బెల్టులు, ఒకటో వరస నుంచి ఇరవయ్యో వరస దాకా: సరి. మంటలార్పే సిలిండర్లు: సరి. ఎమర్జెన్సీ డోర్లు: సరి. కాకపోతే ఎడమ రెండో డోరు పిడికి ఎవరో బచ్చలి తీగ పాకించారు, పీకేశాను. ఆక్సిజన్ మాస్కులు: పదకొండో వరసలో తప్ప అన్నీ సరి. అక్కడ భ్రమరాంబ రెండు మాస్కులు కిందికి లాగి వాటిలో మెంతులు మొలకకట్టింది.

"తీసెయ్ భ్రమరాంబా, అది గిన్నె కాదు" అన్నాను.

"మొలకలొచ్చాక తీస్తాలే వదినా. ఈలోగా మాస్కు ఎవరిక్కావాలి గనక?" అంది.

యాభై ఆరేళ్ళుగా ఎవరికీ అక్కర్లేకపోయిన మాట నిజమే. అయినా ఎర్ర పెన్సిలుతో రాసుకున్నాను.

ఈ పుస్తకం ఇకనుంచి కొంచెం వివరంగా రాయమన్నాడు కెప్టెన్ కోదండం. "ఎందుకయ్యా, నేను తప్ప చదివేదెవరు?" అంటే, "ఏమో రత్నక్కా, ఎవరైనా చదవొచ్చు" అని కిటికీలోంచి కిందికి చూశాడు. కెప్టెన్లు ముందుకి చూస్తారు గాని కిందికి చూడరు. నాకెందుకో అనుమానంగా ఉంది.

సరే, వివరంగానే రాస్తాను. నా పేరు శేషారత్నం. ఇంటిపేరు పద్నాలుగు, అంటే పద్నాలుగో వరసవాళ్ళం. వయసు అరవై ఒకటి. ఈ విమానంలో ప్రాణం మీదికొస్తే పనికొచ్చే సామానంతా చూసుకునేది నేనే, నాకు ముందు మా అమ్మ. ఎక్కినప్పుడు నాకు అయిదేళ్ళు. రెండు గంటల ప్రయాణం అన్నారట. పైకి లేచాక కింద ఏదో జరిగింది. "దిగొద్దు, సూర్యుణ్ణి వదలొద్దు" అని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత రేడియో మాట్లాడలేదు. రెక్కలకి ఎండ తగిలినంతకాలం విమానం ఎగురుతుంది కాబట్టి సూర్యుడి వెనకాలే పోతున్నాం. అందుకని మాకు ఎప్పుడు చూసినా మధ్యాహ్నం నాలుగు గంటలే. భూమిని ఒకసారి చుట్టొస్తే ఒక రోజు. తెరలు దించితే నిద్ర, ఎత్తితే పొద్దున్న. కింద అంతా మబ్బులు. ఇక్కడ పుట్టిన పిల్లలు వాటినే నేల అంటారు.

ఎక్కువ రాశానేమో. ఇరవై ఒకటో వరస రేపు.

చుట్టు 20,450

రోజూ తెరలెత్తగానే సూచనలు చెప్పుకుంటాం. నేను చదువుతాను, భ్రమరాంబ కూతురు ఉత్పల నడవలో నిలబడి చేసి చూపిస్తుంది. ఉత్పలకి ముప్పై ఒకటి. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తోంది. సీటు బెల్టు పెట్టినట్టు చూపిస్తుంది, మాస్కు తగిలించుకున్నట్టు, లైఫ్ జాకెట్ తాడు లాగినట్టు, గొట్టంలో ఊదినట్టు. అంతా 'నట్టే', నిజంగా ఏదీ చెయ్యదు.

జనం కళ్ళు మూసుకుని నాతోపాటు అంటారు. "మాస్కు ముందు మీరు పెట్టుకుని, ఆ తర్వాతే పక్కవాళ్ళకి సాయం చేయాలి. లైఫ్ జాకెట్ మీ సీటు కింద ఉంది. ఎర్ర తాడు లాగితే ఉబ్బుతుంది. ఉబ్బకపోతే గొట్టంలో ఊదాలి. విమానం లోపల ఉబ్బించకూడదు. నీళ్ళు తగిలితే దీపం వెలుగుతుంది." ఈ దీపం మాట దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్ళు చెంపలు వేసుకుంటారు. జాకెట్ భుజం మీద గోరంత బల్బు ఒకటి ఉంటుంది, అదే దీపం. వెలగగా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఎప్పుడూ ఎండే ఉన్నచోట దీపం ఎందుకో కూడా ఎవరూ అడగలేదు.

ఇవాళ 'ఉబ్బకపోతే' దగ్గర నాకు ఊపిరి అందక ఆగాను. ఎవరూ పట్టించుకోలేదు. ఉత్పల మాత్రం గొట్టం నోటి దగ్గర పెట్టుకుని నా వంకే చూస్తూ నిలబడింది.

చుట్టు 20,451

కోదండం నన్ను ముందు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రత్నక్కా, కుడి రెక్క ఎండ తాగడం మానేస్తోంది. రోజుకింత కిందికి జారుతున్నాం."

"ఎన్నాళ్ళు?"

"ఇరవై చుట్లు. మబ్బులు అడ్డం రాకపోతే ఇంకో రెండు."

నేను కూర్చోవడానికి అక్కడ కుర్చీ లేదు. గోడ పట్టుకున్నాను. అప్పుడు రెండో సంగతి చెప్పాడు. రేడియో మాట్లాడిందట.

"యాభై ఆరేళ్ళ తర్వాత రేడియో మాట్లాడితే ఇంత తీరిగ్గా చెప్తావేంటయ్యా!"

"నాలుగుసార్లు వింటే గాని నాకే నమ్మకం కుదర్లేదక్కా. ఎవరో అప్పలనర్సమ్మట. సముద్రం ఒడ్డున ఊరట. విమానం దిగే జాగా తమ దగ్గర లేదంది. నీళ్ళ మీద దిగితే పడవలేసుకుని వస్తామంది. ఇంతకీ నీ జాకెట్లు ఎన్ని పనిచేస్తాయి?"

"మూడువందల పన్నెండు" అన్నాను, మెడ కొంచెం నిక్కించే అన్నాను. ముప్పై మూడేళ్ళుగా ఒక్క తనిఖీ తప్పలేదు నేను.

వెనక్కి నడిచొస్తూ ఇరవై ఎనిమిదో వరస దగ్గర ఆగిపోయాను. ఆ వరసలో మొన్న పెళ్ళయిన జంట ఒకటి కూర్చుని ఉంది. పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి.

చుట్టు 20,452

పెళ్ళిళ్ళ సంగతి రాయాలి. కింద చదివేవాళ్ళకి మేం పిచ్చివాళ్ళలా కనిపిస్తాం, అయినా రాస్తాను.

ఎక్కిన రెండో ఏడు ఇక్కడ మొదటి పెళ్ళి జరిగింది. తాళి లేదు, మేళం లేదు, అందరూ ఏడుపు మొహాలతో ఉన్నారట. పెళ్ళికొడుక్కి ఏం తోచిందో సీటు కింది జాకెట్ తీసి మెళ్ళో వేసుకుని ఎర్ర తాడు లాగాడు. బుస్సుమని ఉబ్బి గడ్డానికి తగిలింది. పెళ్ళికూతురు నవ్వింది, తనదీ లాగింది. విమానం ఎక్కాక అందరూ కలిసి నవ్వడం అదే మొదటిసారని అమ్మ చెప్పేది. అప్పట్నుంచి ఏ పెళ్ళయినా తాడు లాగందే పెళ్ళి కాదు. తొలిచూలు బిడ్డకి పేరు పెట్టేటప్పుడు ఇంకోటి లాగుతాం. కొర్ర అక్షింతలు వేసి, గాలి తీసి, శుభ్రంగా మడిచి, మళ్ళీ సీటు కింద పెట్టేస్తాం. నేను వచ్చి చూసి 'సరి' అని రాస్తాను.

పొద్దున్న "విమానం లోపల ఉబ్బించకూడదు" అని కళ్ళు మూసుకుని చెప్పినవాళ్ళమే, సాయంత్రం పెళ్ళిలో బుస్సుమనిపించి చప్పట్లు కొట్టేవాళ్ళం. ఈ రెండూ ఒకదానికొకటి తగులుతాయని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నియమాలు, నియమాలు అని అందరి ప్రాణాలూ తీసే దాన్ని నేను. నామీద నాకే అసహ్యం వేసింది.

తాడు లాగితే జాకెట్‌ని నింపేది లోపలున్న వేలెడంత సిలిండరు. అది ఒక్కసారికే.

చుట్టు 20,454

వంటగది తక్కెడ తెచ్చి రెండు రోజులుగా ఒక్కో సిలిండరూ తూచాం, నేనూ ఉత్పలా. ఖాళీది తేలిక, నిండుది బరువు.

జాకెట్లు మూడువందల పన్నెండు. మడత విప్పి చూస్తే చిరిగినవి పద్నాలుగు. వాటిలో ఒకదాన్ని భ్రమరాంబ నాకు తెలీకుండా తోటకూర సంచి చేసుకుంది. మంచివి రెండువందల తొంభై ఎనిమిది. విమానంలో మనుషులం కూడా రెండువందల తొంభై ఎనిమిది మందిమే. అక్కడిదాకా దేవుడు మేలు చేశాడు.

సిలిండరు నిండుగా ఉన్నవి ఇరవై ఆరు.

"మిగతావాళ్ళు నోటితో ఊదుకోవాలి" అన్నాడు కోదండం. అంతే మరి. రోజూ చెప్పుకుంటున్నదే గదా, గొట్టంలో ఊదాలని. ఊదలేనివాళ్ళకి ఆ ఇరవై ఆరూ ఇద్దామని జాబితా రాయడం మొదలుపెట్టాను. చంటిపిల్లలు, పక్షవాతం వచ్చిన ముప్పయ్యో వరస తాత, ఆయాసం ఉన్నవాళ్ళు.

ఒక్క జాకెట్ మాత్రం తూచలేదు. పద్నాలుగు-బి సీటు కిందిది. అది నేను చూసుకుంటాలే అని ఉత్పలతో అన్నాను.

చుట్టు 20,457

అందరికీ ఊదడం నేర్పిస్తున్నాం. జాకెట్లు ఉబ్బించి కాదు, లోపల ఉబ్బించకూడదు, ఇకనైనా ఆ నియమం నియమంలా ఉండాలి. ప్రతివాళ్ళకీ ఓ గ్లాసు నీళ్ళు, ఓ గొట్టం. వంద అంకెలు లెక్కపెట్టేదాకా బుడగలు ఆగకూడదు. పొద్దున్న సూచనలయ్యాక ముందు నుంచి వెనకదాకా ఒకటే బుడబుడ. ఎడమ కిటికీల్లోంచి వచ్చే పసుపు ఎండ గ్లాసుల్లో పడి సీలింగు మీద నీటి నీడలు కదులుతుంటాయి. పిల్లలు సీట్లలో వెనక్కి వాలి వాటినే చూస్తూ నిద్రపోతున్నారు. నేను కూడా కాసేపు పని మర్చిపోయి చూశాను. రెక్కల హోరు, బుడగల చప్పుడు, తలమీద కదిలే వెలుగు. మునిగిపోతే ఇలాగే ఉంటుందేమో, ఇంత బాగుంటే భయమెందుకు అనిపించింది. అనిపించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

తెరలు దించాక నేనూ ఓ గ్లాసు తీసుకున్నాను. తొమ్మిది లెక్కపెట్టేసరికి కళ్ళముందు చుక్కలు కనిపించాయి.

జాబితా పూర్తయింది. ఊదలేనివాళ్ళు నన్ను కలుపుకుంటే ఇరవై ఏడు. నన్ను తీసేస్తే సరిగ్గా ఇరవై ఆరు. తీసేశాను. పక్కవాళ్ళు ఊదిపెడతారులే అనుకోవడానికి లేదు. నీళ్ళలో ఎవరి తొందర వాళ్ళది.

చుట్టు 20,459

ఇవాళ భ్రమరాంబ నాతో పోట్లాడింది. ఉత్పల పెళ్ళి శివాజీతో ఎప్పుడో కుదిరింది. అతను విమానం కింది సామాన్ల అరలో కొర్రలు పండిస్తాడు, మంచివాడు. నీళ్ళలో దిగేలోపే పెళ్ళి చేసేస్తానంటుంది భ్రమరాంబ. చెయ్యమన్నాను. రెండు నిండు సిలిండర్ల జాకెట్లు ఇమ్మంది.

"ఇవ్వను."

"ఏం వదినా, మా పిల్ల ఏం పాపం చేసింది? పన్నెండేళ్ళు, రోజూ, అందరి ముందూ తాడు లాగినట్టు నటించింది. తన పెళ్ళికైనా నిజంగా లాగాలని దానికుండదా?"

"ఉంటుంది. ఆ రెండూ ఏ ఇద్దరు పసిపిల్లల దగ్గర్నుంచి తియ్యమంటావో నువ్వే చెప్పు."

"అందరి పెళ్ళిళ్ళకీ పక్కన నిలబడి చప్పట్లు కొట్టావు. నీ పెళ్ళికి నువ్వు లాగావు. మా దగ్గరికొచ్చేసరికి నీకు నియమాలు గుర్తొచ్చాయి!" అని మొలకల మాస్కు విసురుగా పైకి తోసి వెళ్ళిపోయింది. మెంతులు నడవంతా దొర్లాయి.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. వంగి మెంతులు ఏరాను.

చుట్టు 20,460

ఉత్పల వచ్చి పద్నాలుగు-బిలో కూర్చుంది. అది మా ఆయన సీటు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు.

"అమ్మ మాటలు మనసులో పెట్టుకోకత్తా. నాకు తాడేం వద్దు" అంది. మళ్ళీ తనే, "వద్దంటే అబద్ధం. కావాలి. పెళ్ళికి ముందే చచ్చిపోతామేమోనని భయంగా ఉంది, ఒక్కసారి బుస్సుమంటే ఆ భయం పోతుందనిపిస్తోంది. అయినా వద్దు" అంది.

అప్పుడు అడిగింది.

"ఈ సీటు కింద ఏం దాచావత్తా? నువ్వు తూచనివ్వలేదు. అదొక్కటీ తూచకపోతే లెక్క ఎలా తేలుతుంది?"

తీసి చూపించాను. ఆయన పోయాక ఎవరికీ చూపించలేదు.

మా పెళ్ళిలో నా తాడు పనిచేసింది, మా ఆయనది పనిచెయ్యలేదు. ఆయన పేరు గవర్రాజు. రెండుసార్లు లాగాడు, మూడుసార్లు లాగాడు, చప్పుడే లేదు. జనం గొల్లుమన్నారు. ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. పదకొండు ఊపిర్లు. నేనే లెక్కపెట్టాను. మొహం కందగడ్డలా అయిపోయింది. చివర్న గొట్టం మూసేసి, "నీకోసం సిలిండర్ని కూడా నమ్మను" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ దానికే పడిపోయాను.

ఆ జాకెట్‌లో గాలి తియ్యలేదు. తీద్దామంటే ఆయనే "ఉండనీవోయ్, దిండు చేసుకుందాం" అన్నాడు. ఆయన పోయాక దాన్ని తలకింద పెట్టుకోవడం కూడా మానేశాను, బరువుకి గాలి పోతుందేమోనని. ఏటికేడూ కొంచెం మెత్తబడుతోంది. నేను ఊది గట్టిపరచలేదు. అందులో నా ఊపిరి కలిస్తే ఏది ఎవరిదో తెలీదు. ప్రతి తనిఖీకీ ఉబ్బిన ఆ జాకెట్ చూసి, పుస్తకంలో 'మడిచి ఉంది, సరి' అని రాస్తూ వచ్చాను. ఈ పుస్తకంలో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. తొమ్మిదివందల సార్లు రాసి ఉంటాను.

ఉత్పల దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గట్టిగా పట్టుకోలేదు. "ఇదీ కలిపితేనే గదా రెండువందల తొంభై ఎనిమిది" అంది మెల్లగా.

"అవును."

"లోపల ఉబ్బి ఉండకూడదు. డోర్లో ఇరుక్కుంటారు. నువ్వే చదువుతావు."

"నాకు తెలీదటే!" అని కసిరాను. ఆ పిల్ల లేచి వెళ్ళిపోయాక చాలాసేపు దానికి చెంప ఆనించి కూర్చున్నాను. కిటికీలో మబ్బులు దగ్గరగా కనిపిస్తున్నాయి. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

చుట్టు 20,463

మబ్బుల్లోకి దిగాం. మొదటిసారి ఎండ లేదు, కిటికీలన్నీ తెల్లగా ఉన్నాయి. పిల్లలు నేలలోకి వచ్చేశామనుకుని అరిచారు. కాసేపటికి మబ్బు విడిపోయి పైన మళ్ళీ ఎండ, కింద సముద్రం కనిపించాయి. అంత నీళ్ళు. ముప్పయ్యో వరస తాత ఒక్కడే కిటికీ అద్దం తడుముతూ, "అదిగో, అదే. నేను చెప్తే నమ్మారు కాదు" అంటున్నాడు.

భ్రమరాంబ దగ్గరికెళ్ళాను. "ఎల్లుండి పెళ్ళి పెట్టుకో. నీ కూతురి చేత గవర్రాజు జాకెట్ పట్టిస్తాను" అన్నాను. దాని సంగతంతా చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె మాట్లాడలేకపోవడం కూడా మొదటిసారే.

చుట్టు 20,465

పెళ్ళి రెక్కల దగ్గరి డోరు ముందు జరిగింది. బచ్చలి తీగ మళ్ళీ పాకించారు, ఈసారి పీకలేదు.

అక్షింతలు పడ్డాక అందరూ అలవాటుకొద్దీ బుస్సు కోసం ఎదురుచూశారు. నేను జాకెట్ తెచ్చి ఉత్పల చేతిలో పెట్టాను. ఈసారి నింపేది కాదు, వదిలేది అని చెప్పాను. ఉత్పల, శివాజీ ఇద్దరూ కలిసి గొట్టం చివరి మూత మీద వేలు పెట్టారు.

"అత్తా, నువ్వు దగ్గరికి రా" అంది ఉత్పల.

ముగ్గురం తలలు దగ్గర పెట్టుకున్నాం. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత చెంపమీద గాలి తగిలింది. మెల్లగా, మనిషి పక్కన పడుకుని నిద్రపోతుంటే తగిలినట్టు. ఆయన వాసన వస్తుందనుకున్నాను, రబ్బరు వాసన వచ్చింది. అయినా అది ఆయన లోపల్నుంచి వచ్చిందే. ముప్పై ఏడేళ్ళ కిందట నా మొహంలోకి చూస్తూ ఆయన ఊదినదే. పోతోంది, పోతోంది, ఆపండి అని అరవాలనిపించింది. అరవలేదు. ఆఖరుకి గాలి సన్నబడి ఆగిపోయింది. జాకెట్ నా చేతుల మీద వాలిపోయింది. నేను ఏడ్చాను. అంతమందిలో సిగ్గు లేకుండా ఏడ్చాను.

శివాజీ వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఉత్పల కళ్ళు మూసుకుని అలాగే ఉంది. "భయం పోయిందత్తా" అంది.

జాకెట్ మడిచాను. పుస్తకంలో రాస్తున్నాను: పద్నాలుగు-బి, మడిచి ఉంది, సరి. అది నేను వేసుకుంటాను.

చుట్టు 20,469

ఇది మధ్యలోనే ఆగిపోయే చుట్టు.

పొద్దున్న సూచనలు చదివాను. ఇవాళ ఎవరూ కళ్ళు మూసుకోలేదు. అందరూ ఉత్పల చేతుల్నే చూశారు, గొట్టం ఎటువైపు ఉందో, ముడి ఎక్కడ వెయ్యాలో. యాభై ఆరేళ్ళలో మొదటిసారి విన్నారు. చదువుతున్న నాకూ అలాగే అనిపించింది.

కోదండం మైకులో "తలలు వంచి మోకాళ్ళు పట్టుకోండమ్మా" అన్నాడు. అమ్మ ఈ పుస్తకం మొదటి పేజీలో "తిరుగు ప్రయాణంలో సరిచూసుకోవాలి" అని రాసింది. సరిచూశాను అమ్మా. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో కడుతున్నాను.

నేల, మొదటి రోజు

తడవని పేజీ వెతుక్కుని రాస్తున్నాను.

దిగడం మూడు దెబ్బలు. మొదటిదానికి అరిచాం, రెండోదానికి నోరు మూసుకున్నాం, మూడోదాని తర్వాత రెక్కల హోరు ఆగిపోయింది. పుట్టినప్పట్నుంచి ఆ హోరు వింటున్న పిల్లలు అది ఆగిపోగానే ఏడ్చారు.

డోర్లు తెరుచుకున్నాయి. గాలి జారుడుబల్లలు ఉబ్బాయి, వాటిని ఎవరి పెళ్ళికీ వాడలేదు కదా. ఒక్కొక్కళ్ళే వెళ్ళారు. గడప దాటాక ఊదడం, రెక్క మీద నిలబడి ఊదడం, నీళ్ళలోకి దిగడం. డోరు దగ్గర నిలబడి లెక్కపెట్టడం నా పని. ఇరవై ఆరుగురి తాళ్ళు లాగిన చప్పుడు ఇరవై ఆరుసార్లూ విన్నాను. ఒక్కటీ మోసం చెయ్యలేదు. అందరూ అయ్యాక నేను గడప దాటి గవర్రాజు జాకెట్ గొట్టం నోట్లో పెట్టుకున్నాను. ఒక ఊపిరి. రెండు. మూడోదానికి మోకాళ్ళు మడతపడ్డాయి. రెక్క మీదికి నీళ్ళు ఎక్కుతున్నాయి. పోనీలే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

నా నోట్లోంచి గొట్టం ఎవరో లాక్కున్నారు. ఉత్పల. తన జాకెట్ అప్పటికే గట్టిగా ఉబ్బి ఉంది, అందువల్ల దగ్గరికి రాలేక మెడ సాచి నా గొట్టం అందుకుంది.

"నువ్వెళ్ళవే!"

"నాది ముందు అయిందత్తా. ఆ తర్వాతే నీది. నియమం తప్పలేదు" అంది. అని ఊదింది.

పన్నెండేళ్ళు ఊదినట్టు నటించిన పిల్ల. ఇప్పుడు బుగ్గలు ఎర్రబడేలా, కళ్ళవెంట నీళ్ళు కారేలా ఊదింది. నేను లెక్కపెట్టాను, నా బుద్ధి ఎక్కడికి పోతుంది. పద్నాలుగు.

"మా ఆయన పదకొండింట్లో కానిచ్చాడు" అన్నాను.

"ఆయన సముద్రంలో నిలబడి ఊదలేదు" అంది రొప్పుతూ.

నీళ్ళలో అందరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని తేలుతూ ఉన్నాం. సూర్యుడు ఆగలేదు, మేం ఆగిపోయాం. తను ముందుకి వెళ్ళిపోతుంటే పిల్లలు "పోతున్నాడు, పోతున్నాడు" అని కేకలు పెట్టారు. ఎండ పసుపు నుంచి ఎరుపైంది, ఎరుపు నుంచి నాకు పేరు తెలియని రంగులోకి మారింది. పడవలు రాలేదు. మేం అనుకున్నచోటికి చాలా దూరంగా దిగామని కోదండం ఈదుకుంటూ వచ్చి చెప్పాడు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి కనిపించడం తగ్గింది. ఎవరో మెల్లగా సూచనలు మొదలుపెట్టారు, భ్రమరాంబ అనుకుంటాను. అందరూ అందుకున్నారు.

దీపం మాట ఇంకా రాలేదు. అప్పటికే ఎవరి భుజం మీదో చిన్న వెలుగు కనిపించింది. అది వెలిగి ఎంతసేపైందో, ఎండలో మాకు తెలియలేదు. చీకటి పడేకొద్దీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఉత్పలది, శివాజీది, ముప్పయ్యో వరస తాతది, చంటిపిల్లలవి. నా భుజం మీద గవర్రాజుది. నీళ్ళ నిండా మేమే. సూచనలు మధ్యలో ఆగిపోయాయి.

ఆ దీపాల్ని చూసే పడవలు దారి మళ్ళాయట. ఒడ్డుకొచ్చాక తలలు లెక్కపెట్టాను. రెండువందల తొంభై ఎనిమిది: సరి.

పొద్దున్న అప్పలనర్సమ్మ గంజి తెచ్చింది. నన్ను చూసి నవ్వింది.

"ఏటమ్మా, ఇంకా అది తొడుక్కునే ఉన్నావు? ఒడ్డుకొచ్చీసేరు గదా. గాలి తీసీసి ఆరెయ్యమ్మా."

ఆవిడ వెళ్ళాక సూచనలన్నీ మొదట్నుంచి చివరిదాకా మనసులో చదువుకున్నాను. విమానం లోపల ఉబ్బించకూడదని ఉంది. నేల మీద ఉబ్బి ఉండకూడదని ఎక్కడా లేదు. ఉత్పల నా పక్కన ఇసుకలో పడుకుని నిద్రపోతోంది.

పద్నాలుగు-బి జాకెట్: ఉబ్బి ఉంది. సరి.